అక్క తిట్టిన నాలుగు నిమిషాలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అక్కను రేపల్లె నుంచి తీసుకొచ్చి తెనాలిలో ఓ మానసిక వైద్యశాలలో చేర్చాం. బావ పోయిన రెండో నెలలో ఆమె అన్నం మానేసింది. రోజుకు ఎన్ని ముద్దలు లోపలికి పోతున్నాయో నేను చీటీ మీద గీతలు గీసేవాణ్ణి. సోమవారం ఐదు, మంగళవారం మూడు, బుధవారం ఒకటి. శనివారం లోపు తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు.

ఆ వారమే బాపట్ల నుంచి ఓ నర్సింగ్ ట్యూటరు ఇద్దరు విద్యార్థినులతో దిగాడు. మాటలతో చేసే వైద్యంలో రెండు పద్ధతులను పోల్చి చూడటం వాళ్ల ప్రాజెక్టు. మొదటిది మానవతా అస్తిత్వవాద పద్ధతి. చావు, ఒంటరితనం, బతుకుకు అర్థం, వీటిని రోగి తనంతట తాను ఎదుర్కొనేలా నర్సు ప్రశ్నించాలట. రెండోది వ్యక్తి కేంద్రిత పద్ధతి. అందులో ప్రశ్నలుండవు, సలహాలుండవు. రోగి మాటను అర్థం చేసుకుని తిరిగి రోగికే వినిపించాలట. పుస్తకాల్లో రెండూ గొప్పవే కావచ్చు. ఆయన చేతిలో పడి రెండు గళ్ల కాగితమయ్యాయి. మంచం మీదున్న మనిషి ముఖం కంటే ఆ గళ్లనే ఎక్కువసేపు చూశాడు.

గురువారం మొదటి అమ్మాయి వచ్చింది. "మీ జీవితానికి అర్థం ఏమిటని మీరు భావిస్తున్నారండి?" అని మొదలుపెట్టి పదకొండు ప్రశ్నలు వేసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. జవాబులు సున్నా, ముద్దలూ సున్నా. మొగుడు పోయిన మనిషిని ఒంటరితనం గురించి అడగడానికి బాపట్లలో రైలెక్కి రావాలా!

శుక్రవారం రెండో అమ్మాయి కంచం పట్టుకుని కూర్చుంది.

"వద్దు," అంది అక్క.

"మీకు వద్దనిపిస్తోందన్నమాట."

"వద్దని చెప్పాగా."

"వద్దని చెప్పానంటున్నారు."

అక్క లేచి కూర్చుంది. "ఏంటే, వెక్కిరిస్తున్నావా? నా మాట నాకే అప్పజెబుతావేంటి? చదువుకున్న పిల్లవేనా నువ్వు?"

"మీకు కోపంగా..."

"కోపం కాదు, ఒళ్లు మండిపోతోంది! ఆ కంచం ఇలా తే. నీ చేత పెట్టించుకునే ఖర్మ నాకేంటి?"

నాలుగు నిమిషాలు తిట్టింది. తిడుతూనే తొమ్మిది ముద్దలు తింది.

ట్యూటరు రెండో గడిలో టిక్కు పెట్టాడు.

"ఆవిడ వెక్కిరింపనుకుని తిట్టిందండి. ఇందులో మీ పద్ధతేముంది?" అన్నాను.

"కోపాన్ని స్వేచ్ఛగా వెలిబుచ్చారు కదండీ. అదే మా ఫలితం."

"తినకపోయుంటే?"

"ఆవిడ నిర్ణయాన్ని గౌరవించామని రాసేవాళ్లమండి."

ఎటు తిరిగినా తప్పు రాని లెక్క అది. అలాంటిది కట్టడానికి బడికి పోనక్కర్లేదు, సిగ్గు లేకపోతే చాలు.

శనివారం పొద్దున డాక్టరు వచ్చేసరికి పప్పులో ఉప్పు లేదని అక్క ఆయాతో గొడవ పడుతోంది. ఆయన ఆమెనూ కంచాన్నీ చూసి, గొట్టం అక్కర్లేదన్నాడు. ఏ పద్ధతి వల్ల తిన్నదని అడగలేదు. ఆ వారంలో అక్కడ నాకు గౌరవం కలిగింది ఆయనొక్కడి మీదే.