రెఫరీ సంతకం లేని స్కోర్‌షీటు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుతో నాలుగేళ్లు తిరిగాను. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నేను స్కోరర్‌ని. కోర్టు అంచున ఒక బల్ల, బల్ల మీద స్కోర్‌షీటు, రెండు పెన్నులు. ఒకటో క్వార్టరుకూ మూడో క్వార్టరుకూ ఎరుపు, రెండుకూ నాలుగుకూ నీలం. ఆటగాడు కోర్టులోకి దిగగానే అతని పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాలి. ఆట ముగిశాక కింద రెఫరీ సంతకం చేస్తాడు. “సంతకం పడేదాక అది నీ చేతిరాత. పడ్డంక అది రికార్డు” అని మాకు ఆట నేర్పిన పీడీ సార్ మొదటి రోజే చెప్పారు. షీటు అడుగున ఇంకో చిన్న గడి ఉంటుంది. ఆట మీద అభ్యంతరం ఉన్న కెప్టెన్ సంతకం చేయడానికి. నా నాలుగేళ్లలో ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంది.

ఆటగాళ్లు నాకు పేర్లతో కాక నెంబర్లతో గుర్తుంటారు. ఇక్కడ కూడా అలాగే రాస్తాను. ఇది మా తొమ్మిదో నెంబరు సంగతి.

కోవిడ్ భయం పోయి, జనం మళ్లీ మాస్కులు లేకుండా తిరగడం మొదలుపెట్టిన రోజులు. షార్జాలో, రోలా ప్రాంతంలో, ఒక గదిలో ముగ్గురితో కలిసి ఉండేవాణ్ణి. భవనాల్లో మంటలార్పే నీటి పైపులకు డ్రాయింగులు గీయడం నా పని. ఒక ఆదివారం పొద్దున పీడీ సార్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

“ఏం బిడ్డా, మంచిగున్నవా? మన ఇండోర్ కోర్టు అయిపాయె. లోపలికి వస్తుంటెనే కనపడేటట్టు గోడకు నల్లరాయి పెట్టిస్తున్న. మన దగ్గర ఆడి, తర్వాత ఆటతోనే బతికినోళ్ల పేర్లు చెక్కిస్త. పిలిచి శాలువా కప్పుత. లిస్టు నువ్వే చెయ్యాలె. షీట్లన్నీ నీ దగ్గర్నే ఉంటయి. తప్పు పోవద్దు, రాయి మీద చెక్కినంక తుడిస్తె పోదు.”

షీట్లు నిజంగానే నా దగ్గర ఉన్నాయి. కాలేజీ వదిలే ముందు స్టోర్‌రూములో ఉన్నవన్నీ, నాకంటే ముందు స్కోరర్లు రాసినవి కూడా, ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఎందుకు తీశావని అప్పుడెవరూ అడగలేదు.

ఆ నెలలో ఆదివారాలన్నీ ఆ ఫోటోలతోనే గడిచాయి. ఆదివారం మా గది ఖాళీ అయ్యేది. ఇద్దరు దుబాయ్‌లోని డేరా బజారుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. మూడోవాడు, భీమవరం వైపు నుంచి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్, నేను అన్నయ్య అని పిలిచేవాణ్ణి, చర్చిలో ప్రార్థనకు వెళ్లేవాడు. నేను కింది మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని వరుసలు నింపేవాణ్ణి. స్కోర్‌షీటు చదువుతుంటే నాకు మ్యాచ్ కనబడుతుంది. ఎరుపులో ఏడు, ఎరుపులో తొమ్మిది, మళ్లీ తొమ్మిది, తర్వాత ఫౌలు. బూట్లు నేల మీద కీచుమనడం, రెఫరీ విజిల్, గెలిచాక అందరూ ఒకరి మీద ఒకరు పడటం. షీటు మీద ఆ గుంపంతా ఉంటుంది. నేను మాత్రం అట్టడుగున, స్కోరర్ అని ఉన్న చోట, చిన్న సంతకంగా ఉంటాను.

లిస్టుకు మూడు షరతులు పెట్టాను. అతని పేరు మన షీట్లలో ఉండాలి. కాలేజీ తర్వాత ఆడినందుకే ఎవరో ఒకరు జీతం ఇచ్చి ఉండాలి. దానికి కాగితం ఉండాలి. సార్ మూడోది అడగలేదు. అది నాది.

ఐదుగురు తేలికగా తేలారు. రైల్వే జట్టుకు ఆడినవాళ్లు ఇద్దరు, బ్యాంకు జట్టు, పోలీసు జట్టు, చెన్నైలో ఒక క్లబ్బు. అందరూ ఉత్తర్వుల ఫోటోలు పంపారు. ఆరో వరుసలో తొమ్మిది. ఆధారం గడి ఖాళీ. దానికి పసుపు రంగు వేశాను.

ప్రార్థన నుంచి వచ్చిన అన్నయ్య నా భుజం మీదుగా చూశాడు. “ఏంటి తమ్ముడూ, ఐదుగురికి లేని పసుపు ఆ ఒక్కడికే పూసేవు? పెళ్లికొడుకా?”

“ఆధారం లేదన్నయ్యా.”

“ఓహో. సరేగానీ ప్లంబరు గారూ, బాత్రూంలో కుళాయి మళ్లీ కారతంది. తమరి ఆధారం కార్డు మీదే ఉంది కదా, ఓసారి చూద్దురూ.”

ఇది మా గదిలో రోజూ నడిచే హాస్యం. నన్ను తెచ్చేటప్పుడు కంపెనీకి డ్రాఫ్ట్స్‌మన్ వీసా దొరకలేదు. ప్లంబరు వీసాలు మిగిలాయి. నా బతాకా మీద, అంటే జేబులో పెట్టుకు తిరిగే గుర్తింపు కార్డు మీద, ప్లంబర్ అని ఉంటుంది. నేనింతవరకు ఒక్క కుళాయి విప్పలేదు. ఇక్కడ సగం మంది కార్డులు ఇలాంటివే.

తొమ్మిది మా అందరిలోకి బాగా ఆడేవాడు. చూడకుండా బంతి వేసేవాడు. అది సరిగ్గా అక్కడికే వచ్చిన మనిషి చేతిలో పడేది. కోర్టులోకి దిగే ముందు ప్రతిసారీ మా బల్ల దగ్గర ఆగి, రెండు వేళ్లతో చెక్క మీద కొట్టి, “రాసినవా?” అనేవాడు. తన పేరు పక్కన ఇంటూ పెట్టానా అని. నేను షీటు తిప్పి చూపిస్తేనే కదిలేవాడు. ఎత్తు చాలదని రెండుచోట్ల సెలక్షన్లలో వెనక్కి పంపేశారు. తర్వాత దుబాయ్‌లో ఒక కార్గో కంపెనీ యజమాని, ఆట పిచ్చి ఉన్న మనిషి, సాయంత్రాలు జరిగే కంపెనీల లీగు కోసం జట్టు కట్టుకుంటూ తొమ్మిదిని రప్పించాడు. “ఆడెతందుకే తీస్కపోతున్నర్రా” అని ఎయిర్‌పోర్టు నుంచి నాకు ఫోన్ చేశాడు. రెండు సీజన్లు ఆడాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. తర్వాత యజమానికి ఆట మీద మోజు తీరింది. జట్టు ఖలాస్. తొమ్మిది అదే కంపెనీలో, అదే వీసా మీద, గోడౌనులో లోడింగ్‌కు మారాడు.

ఆ పసుపు గడి కోసమే రెండు బస్సులు మారి, దుబాయ్‌లో అతను ఉండే అల్ వర్సాన్ వెళ్లాను. గోడౌన్ల వెనక పనివాళ్ల క్యాంపు. మెట్ల మీద బట్టలు ఆరేస్తూ కనిపించాడు. భుజాలు లావయ్యాయి, కుడి మోకాలికి పట్టీ ఉంది.

“ఏందిరా స్కోరరూ, దారి తప్పినవా?” అని తడి చేత్తోనే నా వీపు మీద కొట్టాడు.

గదిలో చాయ్ తాగుతూ రాయి సంగతి చెప్పాను. వినగానే గ్లాసు కింద పెట్టేశాడు.

“మా ఊళ్లె నన్ను మూటలు మొయ్యనీకి పోయిండు అనుకుంటరు” అన్నాడు. “మోస్తున్న. అబద్ధం కాదు. గని మొదలు మొయ్యనీకి రాలే. ఆటకు పిలిస్తె వచ్చిన. గదొక్కటి యాడన్న రాసి ఉంటె సాలురా.”

“కాగితం ఏమైనా ఉందా? కాంట్రాక్టు?”

ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చాడు. కాంట్రాక్టులో లోడింగ్ వర్కర్ అని ఉంది. మరొకటి, మరొకటి. అన్నింటిలో అదే. ఆట అన్న మాట ఎక్కడా లేదు.

“ముదీర్‌ని అడిగి ఒక లెటర్ రాయించలేవా?” ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు.

“ఆ ముదీర్ పోయిండు, ఈ ముదీర్‌కు బాల్ అంటె ఫుట్‌బాలే.” నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపాడు. “నీ బతాకా మీద ఏమున్నదిరా?”

“ప్లంబర్.”

“మరి నువ్వు ప్లంబర్‌వా?”

కాగితాలు మళ్లీ కవరులో పెట్టి ఇచ్చేశాను. బస్ స్టాపు దాకా వచ్చాడు. బస్సు ఎక్కుతుంటే కిటికీ రేకు మీద రెండు వేళ్లతో కొట్టాడు. ఏమీ అడగలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నా దగ్గర ఒక కాగితం ఉంది. రెండో సీజనులో తొమ్మిది ఆడుతున్న ఒక మ్యాచ్‌కు ప్రేక్షకుడిగా వెళ్లాను. దుబాయ్‌లో ఏదో స్కూలు వాళ్ల ఇండోర్ కోర్టు. ఖాళీ చేతులతో మ్యాచ్ చూడటం నాకు చేతకాదు. ఆఫీసులో ఒక ఖాళీ స్కోర్‌షీటు ప్రింటు తీసుకుని, పై వరుసలో కూర్చుని, ఎరుపూ నీలమూ మార్చుకుంటూ మొత్తం రాశాను. ఆట మొదలయ్యే ముందు తొమ్మిది పైకి చూసి, అంత దూరం నుంచి, పెదవులతోనే “రాసినవా?” అన్నాడు. కాగితం ఎత్తి చూపించాను. ఆ రోజు అతనివి ఇరవై రెండు పాయింట్లు. కంపెనీ పేరు, రెండు జట్లు, పన్నెండేసి పేర్లు, తొమ్మిది పక్కన కెప్టెన్ గుర్తు, అన్నీ ఉన్నాయి. రెఫరీ సంతకం లేదు. అక్కడి అసలు స్కోరర్ వేరే ఉన్నాడు. రెఫరీ అతని షీటు మీదే సంతకం చేస్తాడు గానీ నా దాని మీద ఎందుకు చేస్తాడు?

అది నా ఫైలులోనే ఉంది. లిస్టు చేస్తున్న రోజుల్లో రెండుసార్లు బయటికి తీశాను. సంతకం లేదు కాబట్టి అది నా చేతిరాత మాత్రమే అనుకుని రెండుసార్లూ లోపల పెట్టేశాను. దాని గురించి తొమ్మిదికి చెప్పలేదు, సార్‌కూ చెప్పలేదు. నన్ను ప్లంబరుగా చూపే కార్డును జేబులో పెట్టుకునే ఈ పని చేశాను.

ఆరో వరుస తీసేసి లిస్టు పంపాను. రాతిపనివాడికి ఇచ్చే ముందు సార్ ఇంకోసారి అడిగారు, “ఇంకెవరన్న ఉన్నరా బిడ్డా?” అని.

“లేరు సార్” అని టైపు చేశాను.

సన్మానాన్ని ఫోనులో లైవ్ పెట్టారు. ఇక్కడ మధ్యాహ్నం నాలుగు. గదిలో ఎవరూ లేరు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోలాలోని పార్కులో ఒక బెంచీ మీద కూర్చున్నాను. చుట్టూ గడ్డి మీద గుంపులు గుంపులుగా జనం, ఎవరి భాషలో వాళ్లు. ఫోనులో కొత్త కోర్టు మెరుస్తోంది. ఐదు కుర్చీలు, ఐదు శాలువాలు. రాయి మీది గుడ్డ తీశారు. అక్షరాలకు బంగారు రంగు వేయించారు. సార్ మైకు పట్టుకుని, “ఈ లిస్టు చేసింది మన స్కోరర్, ఇప్పుడు దుబాయ్‌ల ఉన్నడు. వాని లెక్కల ఒక్క తప్పు ఉండదు” అన్నారు. అక్కడ చప్పట్లు కొట్టారు. నాలుగేళ్లు ఆ జట్టుతో తిరిగితే నా కోసం చప్పట్లు వినడం అదే మొదటిసారి. చూస్తున్నవాళ్ల పేర్లు తెర అడుగున ఒక్కొక్కటే పైకి కదులుతున్నాయి. వాటిలో తొమ్మిది పేరు కనబడింది. ఏమీ రాయలేదు. చప్పట్లు ఆగేలోపు ఇయర్‌ఫోన్లు తీసేశాను.

ఆ సాయంత్రమే షీటు ఫోటో తీసి సార్‌కు పంపి ఫోన్ చేశాను. ఆయన లైన్‌లో ఉండగానే ఫోటో తెరిచారు.

“ఇది నీ రాతే కదా?”

“అవును సార్. సంతకం లేదని...”

“అరె, నీ రాత నాకు తెల్వదా బిడ్డా? ఇది సాలు కదా నాకు. ముందుగాల పంపకపోతివి.”

“రాయి మీద చోటుందా సార్?”

“యాడిది? ఐదు పేర్ల కింద కాలేజ్ పేరు, ప్రిన్సిపాల్ పేరు, నా పేరు చెక్కిరి. అంచు దాక వచ్చింది. మళ్ల ఎప్పుడన్న ఇంకో రాయి పెడితె చూద్దాం.” ఆ మీదట, “వానికి నువ్వే చెప్పు” అని పెట్టేశారు.

వారం ఆగాను. ఫోనులో చెప్పే మాట కాదనుకున్నాను. తర్వాతి ఆదివారం షీటును డ్రాయింగులు పెట్టే గట్టి ఫోల్డరులో పెట్టుకుని మళ్లీ అల్ వర్సాన్ వెళ్లాను. తొమ్మిది గదిలో కూరగాయలు కోస్తున్నాడు. నన్ను చూసి మంచం మీద దుప్పటి సర్దాడు. ఈసారి వీపు మీద కొట్టలేదు.

“లైవ్ చూసినవా?” అన్నాను.

“చూసిన. ఐదుగురు మస్తుగ కనవడ్డరు. సార్ నీ గురించి కూడ చెప్పిండు గదా.”

షీటు తీసి అతని ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని వంగాడు. వేలు ముందు తన పేరు దగ్గరికే పోయింది. ఇంటూ ఉంది. చుట్టూ సున్నా కూడా ఉంది, మొదటి ఐదుగురిలో దిగాడని. పాయింట్ల వరుస వెంట వేలు కిందికి జరిపాడు. ఒకచోట ఆగి, “ఈ మూడు పాయింట్లది మస్తు దూరం నుంచి కొట్టిన, యాదికున్నదా?” అన్నాడు. ఉందన్నాను.

“ఇది నీ దగ్గర అప్పటిసంది ఉన్నదా?”

“ఉంది.”

“సార్‌కు ఇయ్యలే?”

“రెఫరీ సంతకం లేదని ఇవ్వలేదు. సన్మానం అయ్యాక కాదు, లిస్టు చేసినప్పుడే ఇవ్వాల్సింది. ఇచ్చి ఉంటే నీ పేరు చెక్కేవాళ్లు. సార్ ఆ మాటే అన్నారు. ఇప్పుడు చోటు లేదట.”

నేను తప్పు ఒప్పుకోవడానికి బస్సులో నాలుగు వాక్యాలు తయారు చేసుకుని వచ్చాను. క్షమించమన్న ఒక్కటి మాత్రం బయటికి రాలేదు. పై మంచం మీద పడుకున్న మనిషి అటు తిరిగాడు. తొమ్మిది తిట్టలేదు. తిడతాడనే వచ్చాను. “పెన్నున్నదా?” అన్నాడు.

నా జేబులో రెండూ ఉన్నాయి. నీలంది ఇచ్చాను.

రెఫరీ సంతకం చోట గీస్తాడేమో అనుకున్నాను. కాదు. దాని కిందికి వెళ్లి, ఆట మీద అభ్యంతరం ఉన్న కెప్టెన్ కోసం ఉంచిన చిన్న గడిలో, నెమ్మదిగా, గడి దాటకుండా తన సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టి ఇచ్చాడు. షీటు కూడా ఇచ్చాడు.

“ఇది నీకోసమే తెచ్చాను” అన్నాను.

“నేనేడ పెట్టుకుంటరా? నీ దగ్గర్నే ఉండని. నువ్వు మంచిగ దాస్తవ్.” మళ్లీ కత్తి తీసుకున్నాడు. “తిని పో. బెండకాయ.”

తిన్నాం. మోకాలి సంగతీ, గోడౌనులో కొత్తగా వచ్చిన బండి సంగతీ మాట్లాడాం. బస్ స్టాపు దాకా రాలేదు, వంట గిన్నెలు కడగాలన్నాడు. బస్సులో ఫోల్డరు మోకాళ్ల మీద పరిచి పట్టుకుని కూర్చున్నాను. నిబంధన నాకు తెలుసు. ఆ గడిలో సంతకం ఆట అయిన వెంటనే పెట్టాలి, లేకపోతే చెల్లదు. ఏడాది దాటిపోయింది. షార్జాలో దిగేదాకా దాన్ని మడత పడకుండా చూసుకున్నాను.