జాబ్రియాలో ఉప్పునీళ్ల పైపు

కువైట్‌లో తాగే నీళ్లంటే సముద్రపు నీటిని కాచి ఉప్పు తీసినవే. అంత ఖర్చుపెట్టి తీసిన నీళ్లను చెట్లకు పోయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకని తోటలకు వేరే పైపులు వేసి, ఎడారి బావుల ఉప్పునీటిని శుద్ధి చేయకుండానే పంపే పథకం ఒకటి తయారవుతోంది. జాబ్రియాలోని ఆ ఆఫీసులో నరసాపురం సుందరరాజు డ్రాఫ్ట్స్‌మన్. ఏ వీధిలో మంచినీళ్ల పైపు, దానికి ఎంత ఎడంగా చెట్ల పైపు పోవాలో గీతలు గీయడం అతని పని. మచ్చుకు ఆఫీసు ముందు వీధిలో బోరు వేసి, మోటారు బిగించి, గేటు గేటుకీ చెట్ల మొదట్లో ఒక కొళాయి పెట్టారు కూడా.

1990 ఆగస్టు మొదటి గురువారం తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్లో ఉన్నాయి. భార్య కేథరిన్ అంతకుముందు నెలలోనే పిల్లల్ని తీసుకుని నరసాపురం వెళ్లింది. ఇంజనీర్లు ఎటు వాళ్లటు పోయారు. షుఐబా ఫ్యాక్టరీలో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు కిరణ్ కుమార్ మాత్రం ఫోన్ చేశాడు.

"ఒక్కడివీ కదలకు రాజూ. నేనే మీ ఆఫీసుకొచ్చేత్తాను. ఇద్దరం కలిసే ఎల్దాం."

మర్నాటి నుంచి షుఐబా ఫోన్ మోగడమే తప్ప ఎవరూ ఎత్తలేదు. కిరణ్ వస్తే తాళం చూసి వెనక్కి పోతాడేమోనని సుందరరాజు ఆఫీసుకే మకాం మార్చాడు. ఇండియా విమానాల కోసం జోర్డాన్‌లోని అమ్మాన్ వెళ్లే బస్సుల్లోకి తెలిసినవాళ్లు రమ్మంటే, "రేపొస్తానండీ" అనేవాడు. ఆ రేపు రాలేదు, తెలిసినవాళ్లంతా వెళ్లిపోయారు.

ఎదురింట్లో రాయచోటి తిరుపాలమ్మ పనిమనిషి. యజమానులు వేసవికి విదేశాలు వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. మంచం దిగలేని ముసలమ్మ, ఈమె మిగిలారు. అక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం ముసలమ్మను ఈమె 'మామా' అనేది. ఒకరోజు ఆమె రోడ్డు దాటి వచ్చింది.

"అన్నా, కొళాయిలో నీళ్లు దారమంత గూడా రాలేదు. మామా పక్కగుడ్డలన్నా ఉతకల్ల గదా. ఆ చెట్ల నీళ్లు మా ఇంట్లోకి రావా?"

సుందరరాజు చెట్టు కొళాయి నుంచి రబ్బరు గొట్టం లాగి వాళ్ల స్నానాల గదిలో పెట్టాడు. అది చూసి వీధిలో మిగిలిన నాలుగిళ్లవాళ్లూ అడిగారు. పొద్దున్నే మోటారు వేసేవాడు. ఆ కాసేపూ బకెట్ల చప్పుడు, నాలుగు మాటలు. మోటారు ఆపగానే తలుపులు మూసుకునేవి. ఇక రోజంతా అతనూ, గోడలకున్న పటాలూ. ఒక్కోసారి తన గొంతు వినడానికే వీధుల పేర్లు పైకి చదువుకునేవాడు.

సెప్టెంబరు ఆఖర్లో, షుఐబాలో లారీ నడిపే కడప హుస్సేన్ వలి అటుగా వచ్చాడు. సుందరరాజు ఆత్రంగా కిరణ్ గురించి అడిగాడు.

"ఆయప్ప పొయ్యి నెల దాటె గదన్నా! మొదటి బస్సులోనే పాయ."

"మంచిదే," అన్నాడు సుందరరాజు. కోపం రాలేదు. కిరణ్ కోసం దాచిన చేపల డబ్బా తెరిచి, నిలబడే తినేశాడు.

ఇక ఎదురుచూసే పని లేకపోయినా, ఆ బకెట్లు చూసి మోటారు వదిలి వెళ్లలేకపోయాడు. ఒకరోజు ఒక నడివయసు ఇరాకీ సైనికుడు ఆగి, ఖర్జూరం మొదట్లో తడిమట్టి ముట్టుకుని నాలుకకు రాసుకున్నాడు. "మా బస్రాలో ఖర్జూరానికి నది నీళ్లే పెడతాం," అన్నాడు అరబ్బీలో, ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాడిలా. రెండ్రోజుల తర్వాత అతనే లారీతో వచ్చి మోటారు బోల్టులు విప్పి ఎక్కించుకుపోయాడు. తలెత్తి సుందరరాజు వైపు చూడలేదు.

సుందరరాజు రోడ్డు దాటి వెళ్లాడు. "ఇంకా బస్సులున్నాయంట చెల్లెమ్మా. ఎల్దాం రా."

"మామాను ఎవురు చూస్తారన్నా? నోట్లో చుక్క నీళ్లు పోసే దిక్కు గూడా లేదు. నువ్వు పో. నీకు పిల్లోళ్లుండారు."

మంచినీళ్ల కొళాయిలో అప్పుడప్పుడూ వచ్చే సన్నటి ధార దగ్గర కాపలా కూచుని, ఆ ఇంట్లోని డ్రమ్ములూ గిన్నెలూ నింపిపెట్టి, అతను బస్సెక్కాడు. బాగ్దాద్, అమ్మాన్, ఆపైన విమానం.

నరసాపురంలో కిరణ్ కుమార్ చూడ్డానికొచ్చాడు. "నువ్వు ముందే ఎల్లిపోయుంటావనుకున్నాన్రా," అన్నాడు తల వంచుకుని. కేథరిన్ ఇద్దరికీ అన్నం పెట్టింది. పక్కపక్కనే కూచుని తిన్నారు.

యుద్ధం అయ్యాక సుందరరాజు మళ్లీ కువైట్ వెళ్లాడు. పథకాన్ని వేరే కంపెనీ మొదటినుంచి గీసింది, పైపులూ వేసింది. అందులో అతనికీ చిన్న పని దొరికింది. ఎదురింట్లో ఎవరో కొత్తవాళ్లున్నారు. ముసలమ్మ ఆ చలికాలమే పోయిందన్నారు. పనిమనిషి సంగతి అడిగితే, "ఏ పనిమనిషి?" అన్నారు.

శుక్రవారాలు మనవాళ్లు ఎక్కువగా పనిచేసే అమ్ఘరా దాకా వెళ్లి, కనిపించిన రాయచోటి వాళ్లనల్లా అడిగేవాడు. తిరుపాలమ్మలు ఇద్దరు ముగ్గురు దొరికారు. వాళ్లెవరూ ఆమె కారు.