పడమటి గోడ

మొన్న ఇక్కడ మద్రాసులో, పెరంబూరులో అద్దెకు ఇల్లుందని తెలిసి ఫోన్ చేస్తే, ఇంటాయన మన తెలుగువాడే, ఎంతో మర్యాదగా మాట్లాడి, చివర్లో నా పేరు అడిగి, దాన్ని చక్కగా ఒకసారి పలికి, "ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేసినాము సార్" అని పెట్టేశాడు. ఈ వయసులో కోపం రాలేదంటే అబద్ధమే. కానీ ఆ కోపంలో నాకు గుర్తొచ్చింది ముప్పై ఏళ్ల కిందట జాంబియాలో ఒక పల్లె బడిని నడిపిన పెద్దావిడ.

అప్పట్లో నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. అక్కడి పల్లెల్లో చేతిపంపులు బాగుచేయడానికి స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు కావాలంటే, జీతం లేని సెలవు పెట్టి, ఇంట్లో చీవాట్లు తిని మరీ వెళ్లాను. చర్చివాళ్ల బడిలోనే ఒక గదిలో బస. మద్రాసులో నమాజంటే పడమర దిక్కే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదే అలవాటు. తీరా చూస్తే ఆ గది పడమటి గోడకే పెద్ద కొయ్య సిలువ. దానికి ఎదురుగా నుదురు నేలకానించి సజ్దా చేయడానికి మనసొప్పక, వాళ్లతో చెప్పడానికి నోరు పెగలక, రెండు రోజులు వానలో పంపుల షెడ్డు వెనక నమాజుకు నిలబడ్డాను. మూడోనాడు ఆవిడ చూసి కారణం అడిగి, నేను నసుగుతూ చెప్పింది విని వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది.

రెండు వారాల తర్వాత సిమెంటు తెచ్చిన లారీ డ్రైవరు, అతనూ ముస్లిమే, బడి ముందు తువాలు పరిచి ఉత్తరం వైపు తిరిగి నమాజుకు నిలబడ్డాడు. పాపం దిక్కు తెలియదనుకుని, ముగించాక చెప్పబోయాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఈ దేశానికి మక్కా ఉత్తరాన ఉందన్నాడు. చదువుకున్నవాణ్ణి, బయల్దేరేముందు ఒక్కసారి పటం చూడొద్దూ?

అదే రోజు ఇంకో కబురు తెలిసింది. సిలువ దించినందుకు చర్చి పెద్దలు మండిపడుతున్నారు, ఆదివారం అందరి ముందూ అడుగుతారు, ఆవిడ ఉద్యోగం ఉండదు. నిజం చెబితే ఆవిడ చేసిందంతా నవ్వులపాలు, దాస్తే నా పొరపాటుకి ఆవిడ బలి.

ఆదివారం చర్చిలో ఆవిడ లేచి, "పిల్లవాడు వానలో ప్రార్థన చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. మళ్లీ అయినా అదే చేస్తాను" అని కూర్చుంది. నేను లేచి, తప్పు నాదేననీ, నా దిక్కు ఆ గోడ కాదు, ఉత్తరపు కిటికీ వైపనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. అందరికంటే కోపంగా ఉన్న ముసలాయన నన్ను ఆ గదికి తీసుకెళ్లి, సుత్తి తెప్పించి నా చేతిలో పెట్టి, సిలువ మళ్లీ నన్నే తగిలించమన్నాడు. అది శిక్షో, క్షమించడమో అర్థం కాలేదు. నేను ఇలా చేయొచ్చా అన్న బెరుకు మరోపక్క. అయినా మేకు కొట్టాను. బల్ల దిగి చూస్తే, ఆ ముసలాయన ఉత్తరపు కిటికీ కింద పెట్టెలు ఒక్కొక్కటీ పక్కకు జరుపుతున్నాడు, నాకు చోటు కావాలని. ఆవిడ ఉద్యోగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మన ఈడువాళ్లకి తెలుసు, పెరంబూరు క్వార్టర్సులో కూడా అమ్మ నమాజు చదివే వేళకి పక్కింటి అత్త అడక్కుండానే రేడియో తగ్గించేది. ఆ జాంబియా పెద్దావిడకి నేనక్కడున్న ఆరు నెలల్లోనూ నా పేరుకి నోరు తిరగలేదు. ఏదో ఒకటి పిలిచేది, నేను పలికేవాణ్ణి. ఇప్పుడిక్కడ నా పేరు పొల్లుపోకుండా పలుకుతున్నారు. ఇల్లు మాత్రం ఇంకా దొరకలేదు.