రీడింగ్ రూములో అయిదో పేపరు

రాసింది నిలబడి చదువుకోవడం అమల అలవాటు. చాప మీద కూర్చుని పేజీ నింపుతుంది. కలం పక్కన పెట్టి లేస్తుంది. కాగితాన్ని చేయి చాచి పట్టుకుని, పెదవులు కదిలిస్తూ చదువుతుంది. ఎందుకట్లా అని తండ్రి సామేలు ఒకసారి అడిగాడు.

“కూసోని చదివితే నాది లెక్కనే ఉంటది నాయినా. నిలబడితే ఎవరో రాసినట్టుంటది. తప్పు దొరుకుతది.”

సామేలుకు ఆ మాట అర్థమైంది. ఆ పనే అర్థం కాలేదు.

అతడు యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వడ్డిస్తాడు. లాలాపేట్‌లో అద్దె ఇల్లు, ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే. అమల ఎమ్మే పూర్తి చేసింది. ఉద్యోగం వెతుక్కోకుండా రోజూ ఒక పేజీ రాయడం మొదలుపెట్టింది. ‘ఈ పూట’ అని పైన పేరు. కింద ఏ పేరూ ఉండదు. తార్నాక చౌరస్తాలో చెప్పులు కుట్టే పోచయ్య పరీక్షల కాలంలో వినే కబుర్లు. లైబ్రరీలో ఫ్యాను కింది కుర్చీ కోసం పొద్దున్నే జరిగే పరుగు. తను చూసింది, తనకు తోచింది. తార్నాకలో జిరాక్స్ తీయించి తండ్రికిచ్చేది. పిల్లలు లేవకముందే అతడు హాస్టళ్ల గోడలకు అంటించేవాడు. ఎవరు రాస్తున్నారని అడిగితే, “ఎవరో ఇచ్చిన్రు” అనేవాడు. ఎమ్మే చదివిన బిడ్డ గోడకు కాగితాలు రాస్తుందని చెప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు.

తొంభై ఆరు ఏప్రిల్. బడులకు సెలవులిచ్చారు. అమల దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు ఊళ్లకు పోయారు. జిరాక్స్‌కు ఆ ట్యూషనే ఆధారం. లాలాపేట్ బడి హెడ్‌మిస్ట్రెస్ శాంతమ్మ జూన్ నుంచి టీచరుగా రమ్మంది. శనివారం లోపల ఏదో ఒకటి చెప్పమంది.

“ఒక్క పేజీకి ఎవరన్న జీతమిస్తరా బిడ్డా?”

“ఇస్తరు నాయినా. ఎవరన్నదే తెల్వదు.”

ఇచ్చేవాడు బుధవారం వచ్చాడు. విజయ్ కుమార్. తార్నాకలో కోచింగ్ సెంటర్ నడుపుతాడు. రాసేది ఎవరో జిరాక్స్ షాపులో కనుక్కున్నాడు. కుర్చీ తుడిచి వేశాడు సామేలు.

“నెలనెలా జీతం, జిరాక్స్ ఖర్చు, రెండూ నావేనమ్మా. రోజూ మా సెంటర్ గురించి ఒక మంచిమాట పడాలి. మీకు తోచినట్టే రాయండి, మీ మాటల్లోనే.”

“కింద గీత కొట్టి ప్రకటన అని రాస్త సార్.”

“అట్లా రాస్తే ఎవరు చదువుతారమ్మా?”

“నా మాటని నమ్మి చదువుతున్నరు. అది అమ్మితే రేపు నేనేం రాయాలె?”

ఆయన నవ్వి లేచాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా సామేలు ఓపిక పట్టాడు.

“ఇచ్చేటోడు ఇంటికొస్తే ఎల్లగొట్టినవ్. ఇగ బడికి పో.”

“శనివారం దాకా ఆగు నాయినా.”

జిరాక్స్‌కు డబ్బుల్లేక గురువారం పేజీ రాలేదు. శుక్రవారమూ గోడ ఖాళీ.

ఆ మధ్యాహ్నం మెస్‌లో సామేలు చారు పోస్తున్నాడు. మెస్ సెక్రటరీ సుధీర్‌ను మూడో బల్ల దగ్గర చుట్టుముట్టారు.

“‘ఈ పూట’ పేజీ ఏదన్నా? రెండ్రోజుల సంది గోడకు మొఖం పెట్టి వస్తున్నం.”

“నన్నడుగుతరేంది? నేను రాస్తున్ననా?”

“నువ్వు రాస్తే ఎవడు చదువుతడు!”

అందరూ నవ్వారు. సుదర్శన్ అనే పిల్లవాడు నవ్వలేదు.

“రీడింగ్ రూముకు నాలుగు పేపర్లు మెస్ బిల్లుల నుంచే తెప్పిస్తున్నం గద. ఇది అయిదోది చెయ్యి. రాసేటోళ్లకు ఊకెనే రాయాలని ఏమున్నది?”

“బిల్లు పెరిగితే మళ్ల నన్నే తిడతరు.”

“ఇంగ్లీషు పేపర్ ఒకటి బంద్ చెయ్. చపాతీల కింద పరిచేతందుకే అది.”

“సరే. మరి ఎవరికియ్యాలె? రాసేటోళ్లెవరో తెలుసా ఎవరికన్న?”

ఎవరికీ తెలియదు. సామేలు బకెట్ కింద పెట్టాడు.

“నా బిడ్డ.”

సుధీర్ అతని వైపు తిరిగాడు.

“నీ బిడ్డనా సామేలన్నా? ఎవరో ఇచ్చిన్రంటివి గద!”

“నా బిడ్డనే. అమల. ఎమ్మే చదివింది.” ఆ మూడు ముక్కలూ వేర్వేరుగా, గట్టిగా అన్నాడు. పక్క వరుసలో చారు కోసం పిలుస్తున్నా వినిపించుకోలేదు.

సాయంత్రానికి సుధీర్ మిగతా హాస్టళ్లు తిరిగొచ్చాడు. మరో రెండు ఒప్పుకున్నాయి. ఆడపిల్లల హాస్టల్ నుంచి లిడియా అనే అమ్మాయి తమకు రెండు కాపీలు కావాలని కబురు పెట్టింది. అన్నీ కలిపితే బడి జీతానికి కొంచెం తక్కువ. ఇల్లు గడుస్తుంది.

ఇంటికొచ్చి చెప్పాడు. అమల వెంటనే సంతోషపడలేదు.

“నీ మొఖం చూసి ఇస్తున్నరా నాయినా?”

“నీ తండ్రినని నేను చెప్పకముందే కొట్లాడుకున్నరు. నీ కాగితం కోసం. నా కండ్లతోని చూసిన.”

అప్పుడు నవ్వింది. సామేలు గొంతు సవరించుకున్నాడు.

“బడికి నేను పోయి చెప్పొస్తా, రాదని.”

“వద్దు. నేనే చెప్పాలె.”

మరునాడు పొద్దున అమల శాంతమ్మ ఇంటికి వెళ్లింది. ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వమంది.

“ఎక్కడొచ్చిందమ్మా? ఏ ఆఫీసు?”

“ఆఫీసు కాదు మేడమ్. పేజీ రాస్తున్న. అదే నా పని.”

శాంతమ్మ ఇంకేదో అడిగేలోపు నమస్కారం పెట్టి, జిరాక్స్ షాపు తెరిచే వేళకు అందుకోవాలని తార్నాక వైపు నడిచింది.