గేటు బయటి మంచం

నా భార్యను చావడానికి ఇంట్లోకి రానియ్యలేదు. అద్దె ఇల్లు కాబట్టి రానియ్యలేదు.

పెద్దాసుపత్రిలో "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకపో" అన్నారు. ఆటోలో తెచ్చాను. మిట్టమధ్యాహ్నం, రాయిచూరు ఎండ. ఇంటామె గేటుకు అడ్డం నిలబడింది.

"తాతా, నీ కాళ్లు మొక్కుత, లోపటికి తేవద్దు. నచ్చత్రం మంచిది గాకుంటె ఇల్లు పాడుపెట్టాలె. పీనుగ లేసిన గదికి మల్ల బాడిగకు ఎవరొస్తరు? నా బతుకే గా బాడిగ మీద."

ఆమె చెడ్డ మనిషి కాదు. మా ముసలిదానికి గంజి కాచి పోసింది ఆమెనే. కాని మా దిక్కు ఆచారం గిట్లనే ఉంది: సొంతిల్లు ఉన్నోడు నట్టింట్లో పోవచ్చు. బాడిగకు ఉన్నోడు బజార్లో పోవాలి.

జబ్బు ముదిరినప్పుడే ఇంటామె వేరే గది చూసుకోమని చెప్పింది. చూడలేదా నేను? పత్తి జిన్నింగు మిల్లులో హమాలీగా చేరినప్పుడు ఏ గల్లీలో నడిచినా తలుపుల మీద సుద్దతో రాసి ఉండేది, బాడిగకు ఉంది అని, తెలుగులో ఒకచోట, కన్నడంలో ఒకచోట. బడి ముఖం చూడని నేను ఆ తలుపుల ముందు నిలబడే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇప్పుడు చదవడం వచ్చు. ఏ తలుపు మీదా రాతే లేదు. ఉన్న ఒకటి రెండు గదుల వాళ్లు ముందు నా జేబులో ఎంతుందని అడిగారు, తర్వాత ఇంట్లో జబ్బుమనిషి ఉందా అని అడిగారు. ఒకడైతే నవ్వాడు.

"తాతా, గా పైసలకు మా బర్రెల కొట్టం గూడ రాదు."

"బర్రెకైన కొట్టం కట్టినవు నాయినా, సంతోషం" అని వచ్చేశాను.

ఎదురింటివాళ్లు మంచం ఇచ్చారు. నీడ ఇయ్యలేరు గాని మంచం ఇచ్చారు. గేటు బయట, మురుగు మోరీ పక్కన వేసి, తలమీద దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. ముసలిది కళ్లు తెరిచింది.

"ఇంటికొస్తిమా?"

"ఒస్తిమి."

మా తలుపు గడప దిక్కు చూసింది. "మరి కడప దాటకపోతిమి గద" అంది.

ముఖం మీద ఎండ పడకుండా దుప్పటి ఇంకాస్త కిందికి పట్టాను. ఎండ తగ్గకముందే పోయింది. శవానికి స్నానం కూడా ఆ బజార్లోనే, నాలుగు చీరలు అడ్డం పట్టి చేయించాం. ఆమె రోజూ ఊడ్చి ముగ్గేసిన గడప పది అడుగుల దూరంలో ఉంది.

దినాలు కాగానే గది ఖాళీ చేశాను. ఇప్పుడు కల్లూరులో మా చెల్లె ఇంటి కొట్టంలో ఉంటున్నాను, బర్రెల పక్కన.

మొన్న మా ముసలిదాని రొట్టెల పెంక మరిచిపోయానని మళ్లీ ఆ గడపకు పోయాను. గదిలో కొత్త సంసారం. నేను ఖాళీ చేసిన మర్నాడే దిగారట. చంకలో పిల్లతో ఒక కూలిమనిషి పెంక తెచ్చి, కొంగుతో తుడిచి, నా చేతికిచ్చింది. పీనుగ లేసిన గదికి ఎవరూ రారన్న ఇంటామె భయం నిజమేనా అని, అప్పటినుంచీ అడగాలనుకున్న మాట అడిగేశాను.

"బిడ్డా, నా ముసలిది గీ గదిలనే పాణం ఇడిసుంటె, నువ్వు దిగుతుంటివా?"

ఆ కూలిమనిషి నన్ను వింతగా చూసింది.

"పీనుగ ఇంకా లోపలుండంగనే వచ్చి వాకిట్ల కూసుంటుంటిమి తాతా. గిది పోతె మాకు గది యాడ దొరుకుతది?"