మంట చూపించి పెట్టిన ముద్ద

బిడ్డ తిండి వీరవేణే తినేస్తోందని మొదట అన్నది అంగన్‌వాడీ టీచరు. మా ఊరు ఓడలరేవులో ఆ రోజు పిల్లల తూకం. వీరవేణి కొడుకు, మూడేళ్ళ యశ్వంత్‌ని మిషను మీద నిలబెడితే తొమ్మిదిన్నర కిలోలు చూపించింది. కార్డు మీద చుక్క ఎర్ర రంగులో, బరువు మరీ తక్కువన్న చోట పడింది. టీచరు ఆ కార్డు అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని అడిగింది.

"మేమిచ్చే గుడ్లు పిల్లాడికి పెడుతున్నారా, మీరే లాగించేస్తున్నారా అండీ?"

వరండాలో కూర్చున్న తల్లులందరూ నవ్వారు. ఆటోలో గుడ్ల ట్రేలు తెచ్చి దింపుతున్న నేనూ నవ్వాను. చివర 'అండీ' తగిలించారు కదా, తిట్టులా వినపడలేదు. మా వైపు మనిషిని ఇంత మర్యాదగానే కోస్తారు.

వీరవేణి లేచి కార్డు అందుకుంది. వాడు నమిలి ఉమ్మేసిన గుడ్డు పారెయ్యలేక రెండు మూడుసార్లు తనే నోట్లో వేసుకున్న మాట నిజం. ఆ నిజం నోటికి అడ్డం పడింది.

వాళ్ళది మా పక్కిల్లు. భర్త నాగసతీష్ బోటు మీద వెళితే వారం దాకా రాడు. అత్త మరిడమ్మ ఎండుచేపల గంపతో సంతలు తిరుగుతుంది. చేపలు ఏరడం, ఎండబెట్టడం, పిల్లాడు, అన్నీ వీరవేణి పనే. ఆ పిల్లాడు పాల మీద మీగడ కనిపిస్తే గ్లాసు తోసేసేవాడు. ఇడ్లీకి చట్నీ అంటుకుంటే ఆ పూటకి తిండి లేనట్టే. ఎలాగో ఒక ముద్ద పెడితే అరగంట బుగ్గలో దాచుకునేవాడు. అంతకుముందు ఆమెకి వాడి మీద విసుగొచ్చేది. తూకం రోజు నుంచి భయం పట్టుకుంది. వాడు పడుకుంటే పక్కన కూర్చుని చొక్కా ఎత్తి డొక్కలు తడిమి చూసేది. వాడు పోతే, తినేసిన తల్లి తనే అంటారని మా అమ్మతో ఒకసారి అంది.

మా ఊరి పక్కన గ్యాసు వాళ్ళు మిగులు గ్యాసుని తగలబెట్టే పొడుగాటి గొట్టం ఆకాశంలోకి నిలబడి ఉంది. దాని కొసన ఎప్పుడూ మంట మండుతూ ఉంటుంది. వేరే ఊళ్ళలో చందమామని చూపించి పిల్లలకి అన్నం పెడతారు. మా వాడలో ఆ మంటని చూపించి పెడతారు. కోడలికి ఆ ఉపాయం చెప్పింది మరిడమ్మే. సందెవేళ పిల్లాణ్ణి అరుగు మీద మంటకేసి కూర్చోబెట్టి, నోరు తెరవకపోతే అదొచ్చి ఎత్తుకుపోతుందని చెప్పమంది. మొదటి రోజే వాడు నోరు తెరిచాడు. వీరవేణి గుడ్డు ముక్కని అన్నం ముద్ద లోపల దాచి పెట్టింది. వాడు మంట మీంచి చూపు తిప్పకుండా మింగాడు.

మూడు వారాలు అలాగే గడిచాయి. తర్వాతి తూకంలో మూడొందల గ్రాములు పెరిగాడు. టీచరు మెచ్చుకుంది. వాడు నిద్రలో ఉలిక్కిపడుతున్న సంగతి ఎవరూ అడగలేదు, కార్డులో దానికి గడి లేదు.

ఒక సందెవేళ నేను ఆటో కడుగుతున్నాను. గొట్టం దగ్గర భుగ్గుమని చప్పుడయింది. మంట ఒక్కసారి తాటిచెట్టంత లేచింది. అలా అప్పుడప్పుడూ లేస్తుంది, మాకు అలవాటే. యశ్వంత్ నోట్లో అప్పుడు ముద్ద ఉంది. వాడు ఏడవడానికి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏడుపు మాత్రం రాలేదు. పెదాలు నల్లబడ్డాయి. వీరవేణి అన్నం చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని నిలబడిపోయింది. మరిడమ్మ పరిగెత్తుకొచ్చి వాణ్ణి తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో తెల్లసొన ముక్క అరుగు మీద పడింది.

వాళ్ళని నా ఆటోలోనే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా వీరవేణి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకునే ఉంది. పిల్లాడికి ప్రాణభయం లేదని, ఇకమీదట మాత్రం భయపెట్టి తినిపించొద్దని డాక్టరు చెప్పాడు.

ఆ తర్వాత అసలు కష్టం మొదలయింది. ఆమె చెయ్యి దగ్గరికొస్తే చాలు, వాడు పళ్ళు బిగించి తల తిప్పి మంట కోసం చూసేవాడు. మరిడమ్మ పెట్టినా అంతే. మూడు రోజులు మంచినీళ్ళు, కాస్త టీ తప్ప వాడి కడుపులోకి ఏమీ పోలేదు. ఒళ్ళు వేడెక్కింది. తన చేత్తోనే వాణ్ణి చంపుకుంటున్నానని వీరవేణి ఆ చేతిని గోడకేసి కొట్టుకుంటుంటే మా అమ్మ వెళ్ళి పట్టుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో వీరవేణే తర్వాత చెప్పింది. తన కంచంలో అన్నం, రొయ్యల ఇగురు పెట్టుకుంది. తినబుద్ధి కాక పక్కన పెట్టేసి, అటు తిరిగి ఎండురొయ్యలు ఏరుకుంటోంది. వెనక కంచం కదిలిన చప్పుడు, తర్వాత నమిలిన చప్పుడు. తిరిగి చూస్తే వాడు ఆపేస్తాడు. చూడకపోతే, గొంతుకి అడ్డం పడితే? ఏరిన రొయ్యల్నే మళ్ళీ మళ్ళీ ఏరుతూ చెవులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒకసారి చప్పుడు ఆగింది. ఆమె గుప్పిట్లో రొయ్యలు నలిగిపోయాయి. అప్పుడు వెనకనుంచి వాడు మంచినీళ్ళు అడిగాడు. తల తిప్పకుండానే గ్లాసు వెనక్కి జరిపింది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆమె మళ్ళీ ఆ అంగన్‌వాడీ కేంద్రం గడప తొక్కలేదు. గుడ్లు మరిడమ్మ వెళ్ళి తెస్తుంది.

పోయిన నెల వీరవేణి సంతకి నా ఆటో ఎక్కింది. అత్తకి మోకాళ్ళ నొప్పులు, గంప ఇప్పుడు ఈమెదే. పిల్లాడు తింటున్నాడా అని అడిగాను. గంప ఒళ్ళోకి లాక్కుంది.

"తింటన్నాడు తమ్ముడూ. గుడ్డు కూడా తింటన్నాడు. నేను అటు తిరిగి కూచుంటేనే తింటాడు. ఆడు తింటంటే ఎలాగుంటాడో నేనింకా సూడనేదు. నవిలే సప్పుడు ఆగినప్పుడల్లా పది దాకా లెక్కెట్టి అప్పుడు ఎనక్కి తిరగాలనుకుంటాను. ఇప్పటిదాకా ఎప్పుడూ పది అవలేదు."