అనుమానితుల గదిలో పెద్దమ్మ

పలకరించిన మనిషికి బదులు చెప్పకుండా ఊరుకోవడం పెద్దమ్మకి పుట్టుకతోనే చేతకాదు. పలకరించినవాడు దొంగైనా సరే, ఆవిడకి ఒకటే. రాంగ్ నంబరు ఫోనొస్తే "ఇది కాదు బాబూ" అని పెట్టెయ్యదు. "నీకెవరు కావాలి? అయ్యో, ఎక్కడికి చెయ్యబోయి ఎక్కడికి చేశావో! అర్జెంటు పనా?" అంటూ అతనితో పాటు తనూ కాసేపు కంగారు పడుతుంది. అవతలివాడు "ఉంటానండీ, ఉంటానండీ" అని బతిమాలుకుంటే గానీ వదలదు. అలాంటి మనిషి చేతికి ఈమెయిలు ఇస్తే ఏమవుతుందో లెక్కలమ్మాయిని అడగాలి.

లెక్కలమ్మాయి అంటే పెద్దమ్మ చెల్లెలి కూతురు. వాళ్ళ విగ్గుల కొట్టులో లెక్కలూ కంప్యూటరూ చూసేది తనే కాబట్టి ఇంటిపేరులా ఆ పేరు అతుక్కుపోయింది. కొట్టు ముందు గదిలో అద్దాల బీరువాల నిండా చెక్క తలకాయలు, వాటి మీద రకరకాల జుట్లు. మేడ మీద కిటికీ పక్కన పెద్దమ్మ కొడుకు కూర్చుని, సన్నటి వల గుడ్డకి ఒక్కొక్క వెంట్రుకే కొక్కెం సూదితో ముడేస్తుంటాడు. పనిలో దిగితే పిడుగు పడ్డా తలెత్తడు. ఒకప్పుడు ఆ పని పెద్దమ్మదే. చూపు మందగించాక సూది కొడుక్కి అప్పగించి, కిందికి దిగి, కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుంది. అక్షరాలు గుమ్మడికాయలంత చేసి పెడితే చదవగలదు, రాయగలదు. "వచ్చే ఉత్తరాలు నేను చూస్తాలే" అంది. కొంప మునిగింది అక్కడే.

అంతకుముందే కొడుకు ముచ్చటపడి కొట్టు పేరు మీద సొంత డొమైను కొన్నాడు. దాని మీద తెరిచిన ఈమెయిలు అడ్రసు బోర్డు మీదా వెబ్‌సైటులోనూ పెద్దపెద్ద అక్షరాలతో రాయించాడు. ఇంకేం, లోకంలో ఉన్న మోసగాళ్ళందరికీ శుభలేఖ అందినట్టయింది. పెట్టె నిండా చెత్త మెయిళ్ళు. ఇంకెవరైనా అయితే తీసి పారేద్దురు. పెద్దమ్మ జవాబులు రాసింది.

ఎక్కడో ఒక కోటీశ్వరుడు పోయాడనీ, వారసులు లేరనీ, బ్యాంకు నంబరు పంపితే సగం ఆస్తి మీదేననీ ఒకడు రాశాడు. "పెద్దాయన పోయినందుకు విచారంగా ఉంది. ఆస్తి మాకొద్దు. అంత ఉండీ దగ్గర ఒక్కరు లేకపోయారే అని బాధగా ఉంది. చివర్లో ఎవరు చూసుకున్నారు?" అని పెద్దమ్మ అడిగింది. బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె గురించి ఇంకొకడు రాశాడు. "మీ నూనె పనిచేస్తే మా కొట్టు మూసుకోవాలి. అయినా మంచిదే. ముందు మీరు రాసుకుని ఫోటో పంపండి" అంది. పాస్‌వర్డు వెంటనే పంపకపోతే ఖాతా మూసేస్తామని బెదిరించిన వాడికి, "పాస్‌వర్డు మా లెక్కలమ్మాయికి తెలుసు బాబూ. అది నాకే చెప్పదు, నీకేం చెబుతుంది!" అని తన బాధ చెప్పుకుంది. ఏ జవాబైనా సరే, ఆఖరి ముక్క ఒకటే. వేళకి తిను.

"పెద్దమ్మా, వాళ్ళు దొంగలే!" అని లెక్కలమ్మాయి నెత్తీ నోరూ కొట్టుకునేది.

"దొంగలకి ఆకలెయ్యదా?"

"నువ్వు జవాబిచ్చావంటే ఇక్కడ మనిషి ఉన్నట్టు వాళ్ళకి తెలిసిపోతుంది. ఇంకో వందమందికి చెబుతారు!"

"చెప్పనీ. మంచిదాన్ననేగా చెబుతారు."

ఒకసారి కోటీశ్వరుడి తాలూకు మనిషి నిజంగానే తిరుగు జవాబు రాశాడు. "తిన్నానండీ. మీరు తిన్నారా?" అని. పెద్దమ్మ ఆనందం చూడాలి! మేడ మీదకి కేకేసి కొడుకుని కిందికి దింపింది. వీధిలో పోతున్న పోస్టుమాన్‌ని కూడా లోపలికి పిలిచి చూపించింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, కొట్టుకి దెబ్బ తగిలింది. ఒక నాటకాల కంపెనీ రాజుగారికీ మంత్రికీ గిరజాల విగ్గులు కావాలని ఆర్డరు పంపితే, అది నూనెల ప్రకటనల కింద పడి ఎవరి కంటా పడలేదు. నాటకం రోజున రాజుగారు తలకి తువ్వాలు చుట్టుకుని రాజ్యమేలారు. ఆ కంపెనీ మళ్ళీ ఈ కొట్టు గుమ్మం తొక్కలేదు. ఇలాంటివి ఇంకో నాలుగు జరిగితే మేడ మీద అన్నయ్యకి ముడెయ్యడానికి పనుండదని లెక్కలమ్మాయికి భయం పట్టుకుంది. చెత్త మెయిళ్ళని వడగట్టే స్పామ్ ఫిల్టరు పెట్టి తీరాలని నిశ్చయించుకుంది.

మొదట తెచ్చిన ఫిల్టరు ఉత్త మెతకది. ఎవరొచ్చినా దారిచ్చేది. రెండోది దానికి సరిగ్గా ఎదురు, అంతా అనుమానమే. జుట్టు అన్న మాట కనిపిస్తే చాలు, మోసం అని తేల్చేసేది. విగ్గుల కొట్టుకి వచ్చే మెయిల్లో జుట్టు కాక ఇంకేముంటుంది? ఆఖరికి అన్నయ్య ఫోన్లోంచి పంపిన మెయిలునీ ఆపేసింది. మూడోది మాత్రం లెక్కలమ్మాయి మనసు దోచుకుంది. ప్రతి మెయిలుకీ అనుమానపు మార్కులు వేసేది. పేరు లేకపోతే కొన్ని, విషయం రాయకపోతే కొన్ని, కొత్తగా తెరిచిన ఖాతా అయితే ఇంకొన్ని, తొందర పెడితే మరికొన్ని. మార్కులు ఎక్కువైన వాటిని విడిగా ఒకచోట ఉంచేది. దానికి లెక్కలమ్మాయి అనుమానితుల గది అని పేరు పెట్టింది. ఆర్డర్లు కడిగిన ముత్యాల్లా బయటికొచ్చాయి.

పెద్దమ్మ మాత్రం డీలా పడిపోయింది. "ఏమిటే, పెట్టె ఇలా బోసిపోయింది? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని దొంగల గురించి దిగులు పడింది.

ఈ ఫిల్టరుని డబ్బు కట్టకుండా వాడి చూసే ట్రయలు గడువు శుక్రవారంతో అయిపోతుంది. ఆ రోజు ఫిల్టరు కంపెనీ వాళ్ళకి ఒక మాట తేల్చి చెప్పాలి. అనుమానితుల్ని గదిలో ఉంచాలా, రాగానే చెరిపెయ్యాలా? ఉంచితే ఈవిడ ఎప్పుడో అప్పుడు అందులో దూరుతుంది. శుక్రవారం పొద్దున "చెరిపెయ్యాలి" అనుకుని లెక్కలమ్మాయి ఆ మీట మీద వేలు పెట్టబోతుంటే వెనక తలుపు చప్పుడైంది. వెనక తలుపంటే ఆ పిల్లకి చిరాకు. పెద్దమ్మ కబుర్ల స్నేహితురాళ్ళు తలకి గుడ్డ కట్టుకుని అటునుంచే వస్తుంటారు. లోపలి గదిలో తలుపేసుకుని గంటలు గంటలు కూర్చుంటారు.

విసుగ్గా తలుపు తీసింది. తలకి గుడ్డ చుట్టుకున్న కొత్త మనిషి. "వెనక సందులో నీలం తలుపంటే ఇదేనా అండీ? రమ్మని రాశారు" అంటూ ఫోను చూపించింది.

తెర మీద గుమ్మడికాయలంత అక్షరాలు. "మీ ఉత్తరం అందింది. నాయనా అనాలో అమ్మా అనాలో తెలియక రెండూ అంటున్నాను. మోసం చేద్దామని రాసి ఉంటే వద్దు, మానెయ్యి. నిజంగా అవసరమై రాసి ఉంటే వెనక సందులో నీలం తలుపుంది, అటు రా. పేరు చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. ఏదైనా సరే, వేళకి తిను."

వచ్చినావిడ రైలు స్టేషన్లో టికెట్లు ఇచ్చే ఉద్యోగి. పెద్ద వైద్యం చేయించుకుంది. జబ్బు పోతూ పోతూ జుట్టు పట్టుకుపోయింది. సోమవారం నుంచి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోవాలి. "రోజంతా అద్దం అవతల నుంచి అందరూ చూస్తారండీ. ఒక్కళ్ళు పాపం అన్నట్టు చూసినా నాకు చిల్లర లెక్క తప్పుతుంది. తెలిసిపోతుందంటే ఉద్యోగమైనా మానేస్తాను గానీ అక్కడ కూర్చోలేను" అంది. తర్వాత చిన్నగా నవ్వింది. "జవాబులో మొదటి సగం చదివి నవ్వొచ్చిందండీ. ఎన్నాళ్ళకో నవ్వాను. నవ్వాక ఆకలేసింది."

లెక్కలమ్మాయి ఆవిణ్ణి కూర్చోబెట్టి, గబగబా అనుమానితుల గది తెరిచింది. ఆ మెయిలు అన్నిటికన్నా పైనుంది. పేరు లేదు, విషయం లేదు, ఖాతా నిన్నటిది. "వెంటనే కావాలి. ఎవరికీ తెలియకూడదు. ఎంతవుతుంది? తప్పకుండా జవాబివ్వండి" అంతే ఉంది. ఫిల్టరుని ఏమనడానికీ లేదు. ఎవరికిచ్చినా నిండా మార్కులు వేస్తారు. తను ఇంకాస్త ముందు మీట నొక్కి ఉంటే ఇలాంటివి ఇక వచ్చినట్టే తెలిసేది కాదు.

"నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఈ గదిలో దూరుతున్నావు కదూ?" అని పెద్దమ్మని నిలదీసింది.

పెద్దమ్మ పట్టుబడిన దొంగలా నేల చూపులు చూసింది. "ఏం చెయ్యనే! సిగ్గుపడేవాళ్ళూ మోసం చేసేవాళ్ళూ ఒకేలా రాస్తారు. ఇద్దరూ పేరు చెప్పరు. ఇద్దరికీ తొందరే."

"మరి నీకు తేడా ఎలా తెలుస్తుంది?"

"నాకేం తెలుస్తుంది? తెలీదు కాబట్టే అందరికీ రాస్తాను" అని, పెద్దమ్మ బీరువాలోంచి కొడుకు చేసిన విగ్గులతో సహా రెండు తలకాయలు చంకన పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

తలకి గుడ్డలు కట్టుకుని వచ్చిన ఆ కబుర్ల స్నేహితురాళ్ళందరూ ఒక్కొక్కరే లెక్కలమ్మాయికి గుర్తొచ్చారు. ఒక్కరికీ ఒక మంచినీళ్ళ గ్లాసైనా ఇవ్వలేదు తను. పెద్దమ్మ ఏనాడూ ఒక్కరి సంగతీ నోరు జారలేదు. అంత వాగుడుకాయ! ఆ పిల్లకి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి తన పెద్దమ్మ అయినందుకు కడుపు నిండినట్టనిపించింది. ఆ మాటే పెద్దమ్మతో అంటే, "నువ్వు చెత్తంతా అటు తోసిపెట్టబట్టే కదే నాకు వీళ్ళు తొందరగా దొరుకుతున్నారు" అని ఆవిడే ఎదురు మెచ్చుకుంది.

మధ్యాహ్నం ఫిల్టరు కంపెనీ అబ్బాయి ఫోన్ చేశాడు. "చెరిపేద్దామా మేడమ్?"

"వద్దు. ఉంచండి. నేను మీట మార్చను."

"అందులో అంతా చెత్తే కదండీ, ఎవరు చూస్తారు?"

"మా పెద్దమ్మ చూస్తుంది."

"పెద్దావిడకి ఎందుకండీ అంత శ్రమ?"

"ఆవిడ సంగతి వదిలేయండి. మీరు భోంచేశారా?" అని లెక్కలమ్మాయి తనకి తెలియకుండానే అడిగేసింది. అటువైపు అబ్బాయి ఇంకా లేదని ఒప్పుకున్నాడు.

లోపలి గదిలో పెద్దమ్మ దువ్వెనతో, కత్తెరతో సాయంత్రం దాకా కూర్చుంది. కళ్ళకి ఆనకపోయినా వేళ్ళకి తెలుస్తుంది ఆవిడకి. లెక్కలమ్మాయి అద్దం పట్టుకుంది, నీళ్ళిచ్చింది, ఏమీ అడగలేదు.

సోమవారం అన్నయ్య సరుకు కోసం ఊరెళ్ళాలని టికెట్టు తెచ్చుకోవడానికి స్టేషనుకి వెళ్ళాడు. తిరిగొచ్చాక మేడ ఎక్కలేదు. ముందు గదిలో తన విగ్గుల మధ్య దిగులుగా నిలబడ్డాడు.

"ఏమైంది అన్నయ్యా?"

"టికెట్లిచ్చే ఆవిణ్ణి చూశాను. ఏం జుట్టమ్మా అది! ఆ పాపిడి, నుదుటి దగ్గర ఆ సన్నటి వెంట్రుకలు! దేవుడిచ్చిన జుట్టంటే అలా ఉండాలి. ఇన్నేళ్ళుగా ముడులేస్తున్నానా, నావొక్కటైనా దాని దరిదాపులకి వస్తుందా?"

పెద్దమ్మ కంప్యూటరు మీంచి తలెత్తలేదు.

"దిగులు పడకు నాయనా. చెయ్యగా చెయ్యగా నీకూ వస్తుందిలే" అంది.

లెక్కలమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి పరుగెత్తింది.